కొసరు

సరస్సు ఒడ్డున, ఎన్‌ఖోటకోట చేపల సంతలో
మాయి ఎస్నాత్ ఎండు ఉసిపా అమ్ముతుంది.
వేలెడు కూడా ఉండవు ఆ చేపలు.
నూనె డబ్బాతో కొలుస్తుంది, పైన గోపురం లేచేదాకా పోసి
ఆ మీద ఇంకో పిడికెడు.
ఆ కొసరుని మేం బసేలా అంటాం.
అడక్కపోయినా వేస్తుంది.
అడిగితే కసురుకుని మరీ వేస్తుంది.

ఆదివారం ఆ చెయ్యే విజిల్ పట్టుకుంటుంది.
విజిల్‌కీ చేపల వాసనే.

మా నెట్‌బాల్ కోర్టు ఎర్రమట్టి, గీతలు బూడిదవి.
ఆ ఏడు ఫైనల్‌కి పందెం ఒక మేక.
చెట్టుకి కట్టిన తాడు కాస్త పొడుగైందేమో,
ఆట నడుమ వచ్చి మూల గీతని
నాలుగడుగుల మేర నాకేసింది.
జనం నవ్వుతున్నారు.
మాయి ఎస్నాత్ ఆట ఆపించి, ఎవరింట్లోంచో బూడిద తెప్పించి,
వంగి, ఆ నాలుగడుగులూ తనే మళ్ళీ గీసింది.
అప్పుడే అర్థం కావలసింది నాకు.

ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి.
వలయంలో నేను. చేతిలో బంతి. తలపైన రింగు.
మూడు సెకన్లకి మించి బంతి ఉంచుకోకూడదని
మా ఊళ్ళో పాలపళ్ళ పిల్లకైనా తెలుసు.
నాకు పదిహేడేళ్ళు. మూడంటే ఎంతో నాకు తెలీదా?
కాలి బొటనవేలు మట్టిలో గుచ్చి సర్దుకున్నాను.
అంతమంది కేకల్లో మా అమ్మ కేక విడిగా వినబడింది.
మేకది కూడా.
గీత పక్కన ఆవిడ పెదాలు కదులుతున్నాయి
చిమోజి, జివిరి, జితాతు
మొదటి నిమిషంలో ఎంత నెమ్మదో అంతే నెమ్మదిగా,
ఒట్టు, అంతే నెమ్మదిగా.
నేను మోకాళ్ళు వంచాను.
విజిల్.

బంతి వాళ్ళదైంది. నాలుగు చేతులు మారి
అటు రింగులో పడింది.
ముప్ఫై రెండు.

ఇప్పుడా? ఈ చివరి నిమిషంలోనా?
సైకిల్ టాక్సీ కుర్రాళ్ళు కోర్టులోకి దూసుకొచ్చారు.
ఆఖర్న ఆటని ఆడేవాళ్ళకే వదిలెయ్యాలన్నారు.
మా కోచ్ కలొంగా మాస్టారు వేలు చూపించాడు:
"మొదటి క్వార్టర్లో వాళ్ళ సెంటర్ నాలుగు దాకా పట్టుకుంది,
అప్పుడేమైంది నీ ఊపిరి?"
ఆవిడ చితెంజె కొంగుతో విజిల్ తుడుచుకుంది.
"అది నా కంట పడలేదు మాస్టారూ.
చూడనిదాని అప్పు చూసినదానితో తీర్చనా?"

రెండేళ్ళు ఆవిడ దగ్గర చేప కొనలేదు.
వేరే అంగట్లో కొన్నాను.
అక్కడ బసేలా లేదు,
పైగా డబ్బా అడుగు లోపలికి సొట్ట.

చివరికి ఒక పొద్దున్నే వెళ్ళాను, బుట్ట చాచాను.
గోపురం పోసింది. పిడికెడూ వేసింది.
నోరు ఆగలేదు నాకు:
"ఇక్కడింత పోస్తావు.
అక్కడొక్క సెకను వెయ్యలేకపోయావా?"
ఎవరికో చిల్లర లెక్కపెడుతూ, తలైనా ఎత్తకుండా అంది:
"ఇది నా గంప, తివోంగే.
నా ఇష్టం.
అది ఆ పిల్లల గంప."

మాట బాగానే ఉంది.
ఇంటికొచ్చి గంజి తిప్పుతూ మూడు లెక్కపెట్టి చూశాను,
ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది.
వదిలిన బంతి పడేదేనని
ఇప్పటికీ అనుకుంటాను.

ఒకటి చెప్పడం మరిచాను.
ఆ ఆదివారం రాత్రి గెలిచిన ఊరివాళ్ళు
మేక తొడ ఒకటి అరటాకులో చుట్టి సైకిలు మీద పంపారు.
నేను ముట్టనన్నాను.
మా అమ్మ ఎముక దాకా తింది.
మంచి మేక, అంది,
ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది,
బూడిద తిన్నది కదా.